ఓబుళరెడ్డి గారి మీసం, కెప్టెన్ మొహం

నవ్వకుండా వింటామంటేనే చెప్తా. సరే, నవ్వండిలే, నంద్యాల మొత్తం నవ్వింది, మీరొక లెక్కా! పోయిన వారం అక్కడ ఒక విగ్రహానికి ముసుగు తీశారు, నా పరువు పోయింది.

మాది ఆళ్లగడ్డ. రాళ్లు చెక్కడం తాతల నాటి పని. నంద్యాల నుంచి ఒక అవ్వ, కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. చనిపోయిన భర్త ఓబుళరెడ్డి గారికి ఛాతీ వరకు విగ్రహం కావాలంది. ఆయనది ఉన్నది ఒకే ఫోటో, అదీ మసక.

"కండ్లు మాత్రం ఆయనవే రావల్ల నాయనా. దినామూ జూడకపోతే మర్చిపోతానేమోనని బయంగా ఉండాది."

"బయమెందుకవ్వా, నా చేతిలో పెట్టినావు కదా!" అన్నా. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు కూడా సిగ్గుతో చచ్చిపోతున్నా.

ఇక ఆ కెప్టెన్ సంగతి. అదే, సినిమాల్లో అంతరిక్షంలో దారి తప్పి, ఇంటికి పోదామని గ్రహాలన్నీ తిరుగుతుంటాడే, ఆయన. నేను నిక్కర్లేసుకునే రోజుల్లో మొదటి భాగం వచ్చింది. నాకు తల నెరిసింది గానీ కెప్టెన్‌కు ఒక్క వెంట్రుకా నెరవలేదు. ప్రతిసారీ ఈసారన్నా ఇల్లు చేరతాడని వెళ్లి కూర్చుంటాం. చేరడు! కొత్త భాగం నంద్యాలలో పడిందని తెలిసి, ముందు పాతవన్నీ చూసుకుందామనిపించింది. ఫోన్‌ను రాయికి ఆనించి పెట్టా. పక్కనే ఓబుళరెడ్డి గారి ఫోటో. చేయి దాని పని అది చేసుకుంటుందిలే అని ధీమా.

"ఈయన్ను యాడో జూసినట్టుందే," అంది మా ఆవిడ టీ ఇస్తూ.

"మొహంలో జీవముంటే అట్లనే అనిపిస్తాది. పనితనమంటే అదీ!"

నంద్యాలలో వాళ్ల వాకిట్లోనే షామియానా వేశారు, బంధువులంతా వచ్చారు. కొడుకు ముసుగు లాగాడు. నొక్కు గడ్డం, ఒక పక్కకు నవ్వు, చుక్కల కోసం దూరంగా చూసే కళ్లు. మీసం ఒక్కటే ఓబుళరెడ్డి గారిది!

"కెప్టెన్!" అని అరిచింది మనవరాలు. అంతే, పిల్లలంతా వరసగా నిలబడి, రెండు వేళ్లు గడ్డానికి ఆనించి సినిమాలో లాగే సెల్యూట్!

"ఏందప్పా ఇది? మా నాయన యాడ?" కొడుకు మీదమీదకి వచ్చాడు.

అవ్వ లేచి వచ్చి ఆ రాతి చెంపలు తడిమి చూసింది. "మా ఆయన కాదు," అంది మెల్లగా. అంతకంటే కొడుకు నాలుగు తన్నినా బాగుండేది.

"తప్పయిపాయ అవ్వా. చెక్కేటప్పుడు సినిమా జూస్తాంటి. తీస్కపోయి కొత్త రాయిలో చెక్కిస్తా."

"యాడికి తీస్కపోతావ్? ఆడ మళ్లా సినిమా పెడతావ్. ఈడనే, నా ముందర కూర్చుని కండ్లు సరిజెయ్. నవ్వు ఉండనీలే. బతికినన్నాళ్లూ ఆయప్ప ఒక్కపారి గూడా ఇట్ల నవ్వల్యా. ముందు ఆ ఫోనిట్ల ఇయ్యి!"

రాయి తీయగలం గానీ అతికించలేం. కళ్ల దగ్గర రాయి కాస్త ఎక్కువ వదిలి ఉన్నందుకు బతికిపోయా. మరుసటి రోజు పొద్దున్నే ఉలి పట్టుకుని వాళ్ల వాకిట్లో కూర్చున్నా. ఎదురుగా కుర్చీలో అవ్వ.

"రెప్ప ఇంకా కిందికి రావల్ల. సంగట్లో ఉప్పు తక్కువైతే ఎట్ల జూస్తారు? అట్ల జూసేటోడు, దినామూ."

మధ్యలో అడిగింది: "ఇంతకూ ఆ కెప్టెన్ ఇల్లు జేరినాడా?"

"ల్యా అవ్వా. ఇంకా తిరుగుతాండాడు."

"అయ్యో, పాపం!" అని మనవరాలిని పిలిచి నా ఫోన్‌లో మొదటి భాగం పెట్టించుకుంది.

సాయంత్రానికి పని అయింది. అవ్వ ఫోన్ పక్కన పెట్టి విగ్రహం వైపు చూసింది. గబుక్కున లేచి నిలబడి కొంగు సర్దుకుంది. "ఆఁ, వచ్చినాడు," అంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ కంగారులో అట్లాగే బస్సెక్కేశా.

నిన్న మా ఆవిడ ఫోన్‌కు ఆ మనవరాలు ఫోన్ చేసింది. "మామా, అవ్వ మూడో భాగంలో ఉండాది. అన్నీ అయిపోయినంక ఫోనిస్తాదంట!"

ఇంకా చాలా భాగాలున్నాయి. పోయి అడుగుదామంటే, ఏ మొహం పెట్టుకుని అడిగేది చెప్పండి!