ఉక్కు బోర్డు

జనగామ బజారులో బోర్డులు రాసే ఐలేశ్ చెయ్యి పడని షట్టర్ ఒకప్పుడు ఉండేది కాదు. ఇప్పుడు ఎటు చూసినా ఫ్లెక్సీలే. యాభై నాలుగేళ్ల మనిషికి బోర్డు పని దొరక్క మూడేళ్లయింది. ఇళ్ల గోడలకు రంగులేసి పొట్టపోసుకుంటున్నాడు. ఎవరైనా జాలిపడితే మాత్రం, "రాసే చెయ్యి యాడికి పోలే" అని కసురుకుంటాడు. ఆ పొగరు ఆయనకు తగిందే.

సిద్దిపేట రోడ్డు మీద ఆడవాళ్లకు జిమ్ పెడుతున్న సౌమ్య ఒకరోజు ఫోన్‌లో బొమ్మ చూపించింది. ఇంగ్లిష్ అక్షరాలు. లావుగా, నల్లగా, వంపన్నది లేకుండా అన్నీ విరుపులే. ఎప్పుడో జర్మనీ పుస్తకాల్లో అచ్చేసిన తీరట.

"కాకా, జిమ్ పేరు 'ఉక్కు'. తెలుగుల గిట్ల కావాలె. ఫ్లెక్సీ షాపాయన తెలుగు గుండ్రముంటది, రానే రాదన్నడు."

ఐలేశ్‌కు ఒళ్లు మండింది. "ఆయన కంప్యూటర్‌కు రాదేమో. నాకెందుకు రాదు?"

"పేరు తెల్వనోళ్లు గూడ పోయే బస్సులకెళ్లి చూసి చదవాలె మరి. సోమవారం దాక చూస్త. కాకుంటే ఇంగ్లిష్ ఫ్లెక్సీ కొట్టిస్త."

ముప్పై ఏళ్లుగా మణికట్టు తిప్పి రాసిన చెయ్యి అది. ఇప్పుడు తిప్పకుండా, వెడల్పు బ్రష్‌ను ఒకే వాలులో పట్టి లాగాలి. రాసి చూసిన మొదటి రేకును రోడ్డుకు అవతల నిలబెడితే భార్య లలిత చూసి, "ఇటుకలు పేర్చినట్టున్నది" అంది. లావు చేస్తే అక్షరం లోపలి సందులు పూడిపోతున్నాయి. సన్నం చేస్తే బలం పోతోంది. నాలుగో రేకును లలిత చదివింది గానీ ఐలేశ్ ఒప్పుకోలేదు.

"నీకు పేరు ముందే ఎర్కనాయె!"

"అయితే నన్నేం జెయ్యమంటవ్, మర్చిపొమ్మంటవా?"

ఆదివారం పొద్దున ఆయన పద్ధతి మార్చాడు. ఇన్నాళ్లూ నల్లరంగుతో అక్షరం రాశాడు. ఈసారి రేకు మీద అక్షరానికొకటి చొప్పున రెండు నల్లటి దిమ్మలు పూసి, ఆరాక, సన్న బ్రష్‌తో తెల్లరంగు తీసుకుని లోపలి సందులను ఒక్కొక్కటే తెరిచాడు. చెయ్యి లాగేసింది. అయినా సాయంత్రం దాకా వదల్లేదు.

సోమవారం బోర్డు షట్టర్ పైకెక్కింది. ఐలేశ్ నిచ్చెన మీదే ఉన్నాడు, కింద సౌమ్య చేతులు కట్టుకుని నిలబడింది. ఒక బస్సు పోయింది. ఎవరూ తలెత్తలేదు. రెండోది, బచ్చన్నపేట బస్సు, స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించింది. కిటికీలోంచి ఒకావిడ బోర్డు వైపు కాసేపు చూసి తల బయటపెట్టింది.

"ఓ పిల్లా, గీ ఉక్కుల ఏం జేస్తరు?"

"కసరత్తు నేర్పుతం అక్కా, రా!" సౌమ్య బస్సు వెంట నాలుగడుగులు పరిగెత్తింది.

ఐలేశ్ నిచ్చెన దిగలేదు. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే, కింద పిల్ల చూస్తుందని ముఖం బోర్డు వైపే తిప్పుకుని, ఆరిపోయిన అక్షరానికే మళ్లీ బ్రష్ పెట్టాడు.