కొత్త దుకాణాల మీద తగువులత్త దండయాత్ర

తగువులత్తకు ఉన్నది ఒకటే జబ్బు. వీధిలో ఎవరు కొత్తగా దుకాణం తెరిచినా వెళ్ళి దాని ముందు నిలబడి తగువు పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ఆ పూట ఆవిడకు ముద్ద దిగదు. కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో ఎవరికీ గుర్తులేదు. అడిగితే, ఎందుకు అడిగావని అదొక తగువు.

ఆవిడది ఇస్త్రీ బండి. వీధి మలుపులో, మందుల షాపు గోడను ఆనుకుని ఉంటుంది. ఒక చేత్తో బొగ్గుల పెట్టె నడుపుతూ, రెండో చేతి వేలు గాలిలో ఆడిస్తూ, ఎదుటి మనిషి ఏడు తరాలనూ ఏకిపారేయగల నేర్పు ఆవిడది. అంత ఆవేశంలోనూ ఒక్క చొక్కా మాడిన దాఖలా లేదు. చిత్రమేమిటంటే పాత దుకాణాల జోలికి ఆవిడ అసలు పోదు. కొత్తవాళ్ళు కావాలి. అందులోనూ చేతిలో పనితనం తప్ప వెనకా ముందూ ఎవరూ లేని కుర్రాళ్ళూ, ఆడపిల్లలూ అయితే ఆవిడకు పండగే.

పళ్ళరసం వదిన బండి పెట్టిన రోజున ఇలాగే వెళ్ళింది. "ఇదేం చోద్యమమ్మా! రసంలో చుక్క నీళ్ళు కలపదట! గ్లాసు మన కళ్ళ ముందే కడుగుతుందట! అంటే ఇన్నాళ్ళూ మనం తాగిందంతా మురుగనేనా నీ ఉద్దేశం?" అని మిట్టమధ్యాహ్నం అందుకుంది. వదినేమైనా తక్కువదా? గరిటె ఎత్తి మరీ జవాబు చెప్పింది. గొడవ చూడటానికి జనం నిలబడ్డారు. ఎండలో నిలబడ్డవాళ్ళకు దాహం వేసింది. అది వేరే సంగతి.

ఫోన్లు బాగుచేసే తమ్ముడి మీదకైతే చెప్పు చేతబట్టుకుని వెళ్ళినంత పని చేసింది. "నీళ్ళలో పడ్డ ఫోను బతికిస్తావా? నువ్వేమన్నా దేవుడివా? కోతలు కొయ్యకు! ఏదీ, ఇదిగో ఈయన ఫోను నిన్న బకెట్లో పడిందట, బతికించు చూద్దాం!" అని దారినపోయే మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. తమ్ముడు పౌరుషానికి పోయి బతికించాడు. తగువులత్త ఓడిపోయి, సణుక్కుంటూ బండి దగ్గరికి వెళ్ళింది.

అలాంటి మనిషికి సరిగ్గా ఎదురుగా, మేడమెట్ల కింద సందులో, జిప్పులమ్మాయి దుకాణం పెట్టింది.

ఈ అమ్మాయి అంతకుముందు బ్యాగుల ఫ్యాక్టరీలో జిప్పులు కుట్టేది. ఫ్యాక్టరీ మూతపడింది. తోటివాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు పోతే, ఈ పిల్ల మాత్రం ఒక పాత తొక్కుడు మిషను సంపాదించి, వాళ్ళమ్మ వద్దంటున్నా వినకుండా వీధిలోకొచ్చింది. దుకాణదారుల సంఘం ప్రెసిడెంటుగారు ఆ సందు ఇచ్చారు గానీ ఒక మెలిక పెట్టారు. వానలు మొదలయ్యేలోగా దుకాణం నిలదొక్కుకోవాలి. లేదంటే ఖాళీ చెయ్యాలి. "ఆడపిల్లల సరదాలు ఎన్నాళ్ళుంటాయో నాకు తెలుసులేమ్మా" అని నవ్వారు కూడా. ఆ నవ్వుకే అమ్మాయికి ఒళ్ళు మండింది. ఎలాగైనా ఇక్కడే పాతుకుపోతానని మనసులో ఒట్టు పెట్టుకుంది.

మర్నాడు పొద్దున, బస్సు దిగిన జనం వీధిలోకి వస్తున్న వేళ, తగువులత్త రోడ్డు దాటింది.

"ఏమిటే ఈ దుకాణం?"

"జిప్పులు బాగుచేస్తానండీ."

"జిప్పులా!" ఆ గొంతు బస్టాపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. "జిప్పు పోతే బ్యాగు పారేసి కొత్తది కొనుక్కోవాలి గానీ బాగుచేయడమేమిటే?"

"బ్యాగు పారేయక్కర్లేదండీ. జిప్పు మీద జరిగే బిళ్ళ మారిస్తే చాలు."

"సూట్‌కేసుకీ మారుస్తావా?"

"మారుస్తాను."

"పిల్లల స్కూలు బ్యాగులకి?"

"వాటికీ మారుస్తాను."

"ప్యాంట్లకి?"

"ప్యాంట్లకీ మారుస్తాను!" అమ్మాయికి ఓపిక నశించి తనూ అరిచింది.

"ఆ, మారుస్తావు! వారం తిప్పుకుని మారుస్తావు!"

"నిలబడండి, నిలబడ్డచోటే చేతికిస్తాను!"

"విన్నారా! అందరూ విన్నారా! నిలబడ్డచోటే ఇస్తుందట! ఎంత పొగరో చూడండి!"

అందరూ విన్నారు. వారిలో, ఎందుకో చేతిసంచి పొట్టకింద అడ్డం పెట్టుకుని పక్కగా నడుస్తున్న ఒక పెద్దమనిషి కూడా విన్నాడు. గుంపు పలచబడ్డాక గోడవారగా వచ్చి, "అమ్మాయ్, నిలబడ్డచోటే అన్నావు కదా" అని గొణిగాడు.

అమ్మాయి ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భోరుమంది. "రోజంతా ఊపిరి సలపని పనమ్మా. అయినా ఏం లాభం? ఆ మహాతల్లి నా పొట్ట కొట్టడానికే పుట్టింది!" వచ్చిన పనికీ పెట్టిన తగువుకీ మధ్య సంబంధం ఉంటుందని ఆ పిల్లకు తట్టనే లేదు. కోపం అంతగా కళ్ళు కప్పేసింది. వాళ్ళమ్మ నెమ్మదస్తురాలు. "ఎదురు చెప్పకే. నోరు మూసుకుని ఊరుకో. తనే విసిగి పోతుంది" అని సలహా ఇచ్చింది.

ఆ సలహాతో అమ్మాయి నిండా మునిగింది. తగువులత్త వచ్చి ఎంత రెచ్చగొట్టినా తలొంచుకుని మిషను తొక్కేది. "చేతకాదా? మాట రాదా? గుడారం గుడ్డలకి జిప్పు వెయ్యడం వచ్చా రాదా?" అన్నా ఉలుకూ పలుకూ లేదు. ఒక్కరే అరుస్తుంటే జనం ఎంతసేపు చూస్తారు? ఆగకుండా వెళ్ళిపోయారు. సందులో దుకాణం ఉందన్న సంగతే మరిచిపోయారు. మిషను మీద ఈగలు వాలాయి. ఆకాశంలో మబ్బులూ మొదలయ్యాయి. ఒకరోజు ప్రెసిడెంటుగారు బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చి, అమ్మాయి కూర్చుని ఉండగానే సందును టేపుతో కొలిచారు. "ఇక్కడ బీరువా పడుతుంది బావా" అన్నాడు బావమరిది, ఆ పిల్ల తల మీదుగా చెయ్యి చాపుతూ.

ఇక లాభం లేదని అమ్మాయి టీ గ్లాసు పట్టుకుని ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళింది. "అత్తా, నా మీద నీకెందుకింత కోపం? తప్పేదైనా ఉంటే క్షమించు. నన్ను బతకనివ్వు" అంది కళ్ళనీళ్ళతో.

తగువులత్త అటూ ఇటూ చూసింది. అమ్మాయి మణికట్టు పట్టుకుని బండి చాటుకు లాగింది. ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ వినని గొంతుతో, గుసగుసగా మొదలుపెట్టింది.

"నీకసలు బుద్ధుందా? నేనొక్కదాన్నే ఎంతకని అరవనే? నాది మాత్రం గొంతు కాదూ? నువ్వు రెండు మాటలు తిరిగి అంటే కదా జనం ఆగేది! మొన్న గుడారం గుడ్డలని అడిగితే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. గుడారం గుడ్డల మూటతో అక్కడే నిలబడ్డ లారీలాయన విని, నీకు రాదేమోననుకుని వెళ్ళిపోయాడు. ఎంత మంచి బేరం పోయిందో తెలుసా?"

అమ్మాయి టీ గ్లాసు బండి మీద పెట్టేసింది. "అంటే... ఇదంతా... నా కోసమా?"

"నోర్ముయ్! ఎక్కడైనా నోరు జారావంటే ఊరుకోను. తెలిస్తే రేపెవరాగుతారు చూడటానికి? ఇక ముందు వచ్చే పిల్లలేం కావాలి?" తగువులత్త బొగ్గుల మీద ఉఫ్ఫుమని ఊదింది. "నేను ఈ బండి పెట్టినప్పుడు ఇక్కడొకటి ఉందని తెలియడానికే ఏళ్ళు పట్టింది. చుట్టుపక్కలంతా మర్యాదస్తులే. మంచికీ చెడ్డకీ ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ మర్యాదతోనే చచ్చేదాన్ని. సరేగానీ, రేపు పొద్దున సిద్ధంగా ఉండు. కడుపునిండా తినిరా. నీ గొంతులో పస లేదు."

ఆ మర్నాటి తగువు గురించి ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు బస్సులు ఆగిపోయాయి. లారీలాయన మూట నెత్తిన పెట్టుకుని వెనక్కి వచ్చాడు. వానలు వచ్చేసరికి తడిసి బిగుసుకుపోయిన జిప్పులతో స్కూలు బ్యాగులు మెట్ల కింద గుట్టపడ్డాయి. బావమరిది బీరువాకు చోటే లేదు.

దాంతో ప్రెసిడెంటుగారు దారి మార్చారు. తమ బట్టల షాపు మేడ మీద మీటింగు పెట్టించారు. తగువులత్త వల్ల వీధి మర్యాద మంటగలుస్తోందనీ, ఇస్త్రీ బండి తీయించేయాలనీ, గొడవలకు మూలమైన సందు కూడా ఖాళీ చేయించడం మేలనీ అన్నారు. తర్వాత గొంతులో తేనె పోసుకుని అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వు భయపడకమ్మా. ఈవిడ నిన్ను రోజూ తిట్టిందా లేదా? అవును అను చాలు. నీ చోటు సంగతి మళ్ళీ ఆలోచిద్దాం."

అవునంటే అత్త బండి పోతుంది. అదంతా నాటకమంటే ఆ నాటకానికి అదే ఆఖరి రోజవుతుంది. ఇంతలో తగువులత్తే లేచింది.

"తిట్టాను. కుళ్ళుతో తిట్టాను. ఇంకా తిడతాను. తీసుకోండి మీ చోటు!"

కొంపలంటుకున్నా మంచిదాన్నని మాత్రం ఒప్పుకోని మనిషి! ఆ మొండితనం చూశాక అమ్మాయికి ఎక్కడలేని తెగింపూ వచ్చింది.

"తిట్టింది. నేనూ తిట్టాను. అయితే ఏమిటి?" అంది లేచి నిలబడి.

"అయితే ఏమిటంటే... వీధి మర్యాద..."

"మీ షాపు మెట్ల మీద స్కూటరు పెట్టాడని పక్క షాపాయన చొక్కా పట్టుకున్నప్పుడు ఏమైంది ప్రెసిడెంటుగారూ ఈ మర్యాద? మీరు అరిస్తే వ్యాపారం, మేం అరిస్తే గొడవా? మా కష్టం మేం పడుతున్నాం, మా తగువు మేం ఆడుకుంటున్నాం. బండీ కదలదు, నేనూ కదలను. కాదని తీయించారో, నాకు తగువాడ్డానికి మనిషి ఉండదు. రేపట్నుంచి రోజూ పొద్దున వచ్చి మీతోనే ఆడతాను!"

"నేనూ వస్తాను" అని పళ్ళరసం వదిన లేచింది. "నేను సాయంత్రాలు వస్తా" అన్నాడు ఫోన్ల తమ్ముడు. "సాయంత్రం నాది, నువ్వు మధ్యాహ్నం రా" అంది వదిన. "మధ్యాహ్నం నేనెలా వస్తాను, నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు తమ్ముడు. చూస్తుండగానే మేడంతా దద్దరిల్లింది. అందరినీ ఒక్క దెబ్బకు అదిలించగలిగినది తగువులత్త ఒక్కతే. ఆవిడేమో కళ్ళల్లో నలుసు పడిందంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ప్రెసిడెంటుగారు చెవులు మూసుకుని, "ఎక్కడివాళ్ళక్కడే ఉండి ఏడవండి!" అని మీటింగు ముగించారు.

కొన్నాళ్ళకు ప్రెసిడెంటుగారు వీధి చివర పిల్లల బట్టల షాపు తెరిచి బావమరిదిని కూర్చోబెట్టారు. అద్దాలున్నాయి, లైట్లున్నాయి, మనుషులే లేరు. ఎంతైనా వ్యాపారస్తుడు. ఈవిడ తగువు పెట్టుకున్న ప్రతి దుకాణమూ కళకళలాడుతోందన్న సంగతి ఆయన కంట్లో పడకపోలేదు. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు. ఒకరోజు పొద్దున, నలిగిన చొక్కా చేతబట్టుకుని ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చారు. ఎదుటి సందులో అమ్మాయి మిషను తొక్కడం ఆపి చెవులు రిక్కించింది.

"మా కొత్త షాపు చూశావా?"

"చూశాను బాబూ. చాలా బాగుంది."

"బట్ట వెలిసిపోతుందని అంటున్నారు మరి!"

"ఎవరయ్యా అన్నది? బంగారంలాంటి బట్ట."

ప్రెసిడెంటుగారు నుదురు తుడుచుకున్నారు. గొంతు పెంచారు. "నీ ఇస్త్రీ ఏం బాగోదు! పోయినసారి నా చొక్కా తగలేశావు!"

"నాదే పొరపాటు బాబూ. ఇలా ఇవ్వండి, మళ్ళీ చేస్తాను."

వీధిలో ఒక్కరైనా ఆగలేదు. ఇద్దరు మంచివాళ్ళు మాట్లాడుకుంటుంటే చూడటానికి ఏముంటుంది? అమ్మాయి నవ్వు ఆపుకోలేక స్కూలు బ్యాగులో తల దూర్చింది. ప్రెసిడెంటుగారు చుట్టూ చూసి, బండి మీదకు వంగి, గొంతు బాగా తగ్గించారు.

"ఒక్క తిట్టు... ఒక్కటంటే ఒక్కటి, మా షాపు ముందుకొచ్చి తిట్టమ్మా."

"అయ్యో, మీలాంటి పెద్దమనుషులనా! ఎంత మాట బాబూ!" అంటూ తగువులత్త చొక్కా చక్కగా మడతపెట్టి, రెండు చేతులా ఆయనకు అందించింది.