బస్సుల కోసం మరిగిన ఎసరు

మా హోటల్ బోధన్ బస్టాండుకి ఎదురుగా ఉంటుంది. పేరుకే హోటల్. ఉన్నవి నాలుగు బల్లలు, రెండు పొయ్యిలు. వండేది నేను, వడ్డించేది మా ఆయన. ఏ రోజు ఎంతమంది వస్తారో దేవుడికే తెలియాలి. అందుకే ఎసరు మరగబెట్టి ఉంచుతాను. బస్సు దిగినవాళ్లు మా వైపు నడిచి వస్తుంటే అప్పుడు బియ్యం పోస్తాను. వాళ్లు చేతులు కడుక్కుని, కాసేపు ఫోన్లు చూసుకునేలోపు అన్నం ఉడుకుతుంది. కూరలతోనే చిక్కు. అవి ముందే వండాలి, మిగిలితే దాచడానికి మాకు ఫ్రిజ్ లేదు.

మా ఆయన అన్న నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక పెద్ద హోటల్లో వంటమాస్టర్. అక్కడ మనిషెత్తు ఫ్రిజ్‌లు, పెళ్లిళ్లకు హాలు. జనం ఎక్కువైతే పక్కవాళ్ల దగ్గరికి పంపేస్తారు. వాళ్ల కష్టం అంతటితో తీరిపోతుంది.

ఈమధ్య పెళ్లిళ్ల రోజుల్లో ఒకనాడు పొద్దున్నే బావ ఫోన్ చేశాడు.

"కోటగిరి పోయే పెండ్లోళ్లు, రెండు బస్సులు. మా హాలు ఖాళీ లేదు. మీకాడికి పంపుతున్న, పగటి బువ్వకు వస్తరు."

నాకు అప్పుడే గుబులు పట్టుకుంది. వస్తే చాలుతుందా, రాకపోతే ఏంగాను? అయినా ఉన్న వంకాయలన్నీ తరిగేశాను.

మధ్యాహ్నం రైసు మిల్లు హమాలీలు వచ్చారు. రోజూ వచ్చేవాళ్లే. అడిగేది లేదు, చెప్పేది లేదు, డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుని మూల బల్ల దగ్గర కూర్చుంటారు. మా ఆయన గుమ్మంలోనే ఆపాడు.

"ఇయ్యాల కాదన్నా. బస్సులొస్తున్నయ్, కూర తక్కువైతది."

"సరే తమ్మీ," అన్నాడు వాళ్ల పెద్దాయన. ఒకసారి నా వైపు చూసి వెళ్లిపోయాడు. నేను పొయ్యి వైపు తిరిగి కూర కలిపాను.

ఎసరు మరిగి సగమైంది. మళ్లీ నీళ్లు పోశాను. హారన్ వినపడితే చాలు, బియ్యం గిన్నె చేతిలోకి తీసుకోవడం, దింపడం. పొద్దు వాలుతుంటే ఉండబట్టలేక నేనే బావకి ఫోన్ చేశాను.

"అయ్యో, చెప్పుడే మరిచిన. ఈడ ఒక లగ్గం ఆగిపోయింది, హాలు ఖాళీ అయింది. గా బస్సులోళ్లు ఈడనే తినిపోయిండ్రు."

ఒళ్లు మండిపోయింది. వాళ్లకి ఖాళీ అయిన హాలు నిండింది, మాకు నిండే బల్లలు ఖాళీ అయ్యాయి. ఫోన్ పెట్టేశాను. ఆ సాయంత్రం గల్లీలో ఇంటింటికీ వంకాయ కూర పంచాను.

మర్నాడు హమాలీలు వచ్చారు. నా ప్రాణం లేచి వచ్చింది. కానీ ఎవరూ డ్రమ్ము దగ్గరికి పోలేదు. పెద్దాయన గుమ్మం బయటే నిలబడ్డాడు.

"అక్కా, ఇయ్యాల మాకు బువ్వ ఉన్నదా?"

"ఉన్నది, కూసోండ్రి," అన్నాను.

కూర్చున్నారు, కడుపునిండా తిన్నారు. రోజూ వస్తూనే ఉన్నారు. కాకపోతే ఇప్పుడు రోజూ గుమ్మం దగ్గర ఆగి, అడిగి మరీ లోపలికి వస్తున్నారు.