ఒంటి గంట ఏడు నిమిషాలకు వచ్చిన కోడ్

నేను భయపడే వస్తువుల జాబితా ఒకటి ఉంది. ఎర్త్ లేని ప్లగ్గు, తడిసిన వైరు, ఫ్యూజు బదులు చుట్టిన రాగి తీగ. అందులో దయ్యానికి ఎప్పుడూ చోటు లేదు. ఇది రాస్తున్న ఈరోజు కూడా లేదు. అయితే ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర కారణం లేదు. అందుకే జరిగింది జరిగిన వరుసలో రాసిపెడుతున్నాను.

నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. కర్నూలులో ఉంటూ, ఓర్వకల్లు దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేస్తున్నాను. మా మేనత్త సుగుణమ్మ కడపలో ఒక అద్దె ఇంట్లో, కింది వాటాలో ఉంటుంది. వయసు యాభై లోపే. నీటికాసుల జబ్బుతో పన్నెండేళ్ళ కిందట రెండు కళ్ళూ పోయాయి. అయినా జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. పిండి పదును, పెనం వేడి, రొట్టె మందం అన్నీ ఆమెకు చేతులతోనే తెలుస్తాయి. ఆ వీధిలో ఆమె రొట్టెల కోసం కాచుకుని ఉండేవాళ్ళు చాలామంది.

ఆమె భర్త రత్నం మామ టీవీ మెకానిక్. రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. పోవడానికి ముందు ఏడాది అత్త కోసం ఒక టీవీ తయారుచేశాడు. పాడైపోయిన టీవీ తీసుకుని, లోపలి బోర్డు పీకేసి, ఏ టీవీకైనా పనికొచ్చే యూనివర్సల్ బోర్డు బిగించాడు. మెకానిక్కులు మామూలుగా చేసే పనే. అలాంటి టీవీ మీద రాసి ఉండే కంపెనీ పేరుకూ లోపలి బోర్డుకూ సంబంధం ఉండదు.

అత్త రొట్టెలు తడుతూ రోజంతా ఆ టీవీ వింటుంది. తడి చేతులు తగలకుండా రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి, రెండు రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టుకుంది.

చిక్కు ఆ రిమోట్‌లోని ఎర్ర బటన్‌తో వచ్చింది. టీవీ నడుస్తుంటే ఆ బటన్ ఆపుతుంది, ఆగి ఉంటే నడిపిస్తుంది. చూపున్న వాళ్ళకు ఇది సమస్య కాదు. అత్త ముందు సెట్‌టాప్ బాక్సు ఆపుతుంది. దానితో శబ్దం పోతుంది. ఆ తర్వాత టీవీ వెలుగుతోందో లేదో చెవికి తెలియదు. మధ్యలో కరెంటు పోయి వస్తే ఆ బోర్డు ఒక్కోసారి తనంతట తానే ఆన్ అవుతుంది. ఆపుతున్నాననుకుని ఆన్ చేసి చర్చికి వెళ్ళిపోయిన రోజులు ఉన్నాయి.

గోడ స్విచ్ ఉంది కదా అని మీరు అడుగుతారు. పిండి చేతులతో ఆ స్విచ్ ముట్టుకుని ఆమె ఒకసారి షాక్ తిన్నది. ఆ ప్లగ్గుకు ఎర్త్ లేదు. దాని జోలికి వెళ్ళొద్దని చెప్పింది నేనే.

పోయిన వేసవిలో అత్త ఫోన్ చేసి రమ్మన్నది. రెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. నేను చెప్పులు విప్పేలోపే పై వాటాలో ఉండే ఇంటి యజమానురాలు హజరాబీ దిగి వచ్చింది.

"మీ అత్తకు చెప్పప్పా. ఆ టీవీ అమ్మేయమను, లేకుంటే ఒకటో తారీకుకు ఇల్లు ఖాళీ చేయమను. మొన్న నేనొచ్చి ముట్టుకుంటే దాని వీపు పెనం మాదిరి కాలుతాండాది."

"పెనమైతే ఇంకా మంచిదేలే బీబీ, ఇంకో రొట్టె ఏసుకుంటా," అన్నది అత్త లోపలినుంచి.

"నవ్వు, నవ్వు. ఇల్లు అంటుకున్నాక ఇద్దరం కలిసి నవ్వుకుందాం."

తర్వాత హజరాబీ నన్ను మెట్ల దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది. "టీవీ కన్నా ఈయమ్మ మాటలకే నాకు శానా భయమైతాండాది. అన్నం వేళకు దానంతట అదే ఆగిపోతాదంట. మొగుడే ఆపుతాడంట. కండ్లు లేవు సరే, మతి కూడా పోతే ఈ పొయ్యి కాడ ఒంటరిగా ఎట్లుంటాది?"

ఆమె చెడ్డ మనిషి కాదు. అత్తకు కళ్ళు పోయిన కొత్తలో ఇల్లంతా చేయి పట్టుకుని తిప్పింది ఆమే. అందుకే ఆ ప్రశ్న నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అత్తను అడిగాను.

"ఆయన వస్తాడని నేను యాడన్న్యా? టీవీ ఆగుతాండాది అన్న్యా, అంతే. అదీ రోజూ కాదు, నేను ఆపడం మర్చిపోయిన రోజే."

మా వాళ్ళ ఇళ్ళలో భోజనానికి ముందు ప్రార్థన చేస్తాం. ప్రార్థన జరిగేటప్పుడు టీవీ నడవకూడదన్నది మామ పట్టుదల. ఆపడం ఆయన పని, ప్రార్థన అత్త పని. ఇప్పుడు రెండూ ఆమెవే. అమ్మేసే మాట మాత్రం ఆమె వినదు. "ఆయన నా కోసం చేసిన సామాను అది. అది పోతే నేనూ పోతా," అన్నది. ఇల్లు మారితే ఆ వీధి గిరాకీ పోతుంది. కొత్త ఇంట్లో పొయ్యి నుంచి గడప వరకు అడుగులన్నీ మళ్ళీ నేర్చుకోవాలి. ఒకటో తారీకుకు నాలుగు రోజులే ఉన్నాయి.

నా లెక్క ప్రకారం కావలసింది ఒక్కటే. ఎప్పుడు నొక్కినా ఆపడమే తప్ప ఆన్ చేయని కోడ్. చాలా టీవీలలో అలాంటిది దాగి ఉంటుంది, రిమోట్ మీద దానికి బటన్ ఉండదు. అది దొరికితే నేను తెచ్చిన ప్రోగ్రామబుల్ రిమోట్‌లో ఒక పెద్ద బటన్‌కు ఎక్కించవచ్చు.

రిమోట్ పంపేది కంటికి కనిపించని మెరుపుల వరుస. అందులో రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది చిరునామా, అంటే ఏ పరికరానికి అని. రెండోది ఆజ్ఞ, అంటే ఏం చేయాలి అని. ఒక్కో సంఖ్యా రెండుసార్లు వెళుతుంది, రెండోసారి తలకిందులుగా, అంటే సున్నాలు ఒకట్లుగా, ఒకట్లు సున్నాలుగా మారి. రెండూ సరిపోలితేనే టీవీ వింటుంది. ఎండ పడో, ట్యూబ్‌లైటు మిణుకుమనో పొరపాటున కోడ్ పుట్టకుండా పెట్టిన కట్టడి అది.

మొదట టీవీ మీద రాసి ఉన్న కంపెనీ కోడ్‌లు పంపాను. ఊహించినట్టే కదల్లేదు. తర్వాత పాత రిమోట్ పంపే కోడ్‌లను చదివాను. దాని చిరునామా సున్నా. ఒక చిన్న బోర్డుకు ఆ మెరుపులు పంపే ఇన్‌ఫ్రారెడ్ బల్బు కట్టి, ఆ చిరునామాకు సున్నా నుంచి 255 వరకు ఆజ్ఞలన్నీ వరుసగా పంపాను. మూడు రౌండ్లు. నా బల్బు సరిగ్గా పంపుతోందో లేదో చూడడానికి పక్కన ఒక రిసీవర్ పెట్టి లాప్‌టాప్‌కు కలిపాను. గదిలో ఏ రిమోట్ మెరిసినా టైముతో సహా ఫైల్‌లో నమోదవుతుంది.

ఇరవై ఎనిమిది ఆజ్ఞలకు టీవీ పలికింది. శబ్దం పెరిగింది, మెనూ వచ్చింది, బొమ్మ ఒకసారి పచ్చగా మారింది. ఆపడం మాత్రం ఆ పాత ఎర్ర బటన్ కోడ్‌తోనే. మిగిలిన 255 చిరునామాలన్నీ కూడా ప్రయత్నించాలంటే అరవై అయిదు వేలకు పైగా కోడ్‌లు. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా ఒకటిన్నర రోజు, అదీ ఎవరో ఒకరు తెరనే చూస్తూ కూర్చుంటే. నా బస్సు మరుసటి రోజు మధ్యాహ్నం మూడు గంటలకు.

మరుసటి రోజు ఒంటి గంటకు చేతులెత్తేశాను. బల్బు వైరు పీకేశాను. టీవీది, సెట్‌టాప్ బాక్సుది, నేను తెచ్చినది, ఇంట్లో ఉన్న మూడు రిమోట్ల సెల్లులూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. పని ఆపేటప్పుడు సెల్లులు తీసేయడం నాకు అలవాటు. రిసీవర్ ఒక్కటే లాప్‌టాప్‌కు ఉండిపోయింది. టీవీలో ఏదో సీరియల్ గట్టిగా నడుస్తోంది.

"దొరకలేదు కదా? పోనీలేప్పా, రా, రొట్టె చల్లారిపోతాది," అన్నది అత్త.

పళ్ళెం ముందు కూర్చున్నాను. అత్త తల మీద కొంగు కప్పుకుని ప్రార్థన మొదలుపెట్టింది. టీవీ సంగతి ఇద్దరం మర్చిపోయాం. అలవాటు ప్రకారం నేనూ కళ్ళు మూసుకున్నాను.

ఆమె రెండో మాటలో ఉండగా సీరియల్ గొంతు ఆగిపోయింది.

అత్త స్వరం తడబడలేదు. అదే వేగంతో ముగించి ఆమేన్ అన్నది. నేను కళ్ళు తెరిచాను. తెర నల్లగా ఉంది. టీవీ అంచున, ఆగి ఉన్నప్పుడు మాత్రమే కనిపించే ఎర్ర దీపం వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది, అంటే కరెంటు పోలేదు.

గడపలో హజరాబీ నిలబడి ఉంది, చేతిలో పప్పు గిన్నెతో. మా ప్రార్థన అయ్యేదాకా అక్కడే ఆగిందట. మేము కళ్ళు మూసుకున్నాం గానీ ఆమెకు మూసుకునే పని లేదు.

"నేను చూస్తానే ఉండా," అన్నది. "ఎవురూ కదల్లేదు. నువ్వూ కదల్లేదు, ఆయమ్మా కదల్లేదు. అదే ఆగిపోయింది."

"ఇన్నాళ్ళూ నేను చెప్పింది ఏంది మరి?" అన్నది అత్త, రొట్టె తుంచుతూ.

నేను లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళాను. ఫైల్‌లో చివర ఒక కొత్త వరుస ఉంది. సమయం 1:07. చిరునామా 64, ఆజ్ఞ 29. తలకిందుల సంఖ్యలు రెండూ సరిపోలాయి. ఆ చిరునామాకు నేను ఒక్క కోడ్ కూడా పంపలేదు.

బల్బు వైరు తిరిగి కలిపాను. పాత రిమోట్‌లో సెల్లులు వేసి టీవీ ఆన్ చేశాను. ఫైల్‌లో ఉన్న కోడ్ పంపాను. ఆగింది. మళ్ళీ పంపాను. ఆగే ఉంది. మళ్ళీ, మళ్ళీ. ఆన్ కాలేదు. మెయిన్ ఆపి, వేసి, టీవీ తనంతట తాను లేచాక పంపాను. ఆగింది. యాభైసార్లు చేశాను, యాభైసార్లూ ఆగింది.

కొత్త రిమోట్‌లో అన్నిటికన్నా పెద్ద బటన్‌కు ఆ కోడ్ ఎక్కించి, ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండ్లు వేసి అత్త చేతిలో పెట్టాను. "ఇది ఎన్నిసార్లు నొక్కినా ఆపడమే అత్తా. అనుమానమొస్తే ఇంకోసారి నొక్కు, నష్టం లేదు," అని చెప్పాను. ఆమె నొక్కింది. హజరాబీ వంగి ఎర్ర దీపం చూసింది. ఇంకోసారి నొక్కమన్నది, మళ్ళీ చూసింది.

"ఏం జరిగిందో నాకు తెలీదు సుగుణా. నీ మతి మాత్రం బాగానే ఉండాది. ఉండు, ఈడనే ఉండు."

"టీవీ?"

"అదీ ఉండనీ. పప్పు తిను ముందు."

నాకు అప్పుడు ఆకలి తెలిసింది. నాలుగు రొట్టెలు తిన్నాను. ఆ రెండు రోజులుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. భయం వేయాల్సిన చోట నిద్ర ముంచుకొచ్చింది. మూడు గంటల బస్సులో కిటికీకి తల ఆనించి కర్నూలు దాకా నిద్రపోయాను.

కారణాలు వెతకడం తర్వాత మొదలుపెట్టాను. పక్కింటి రిమోట్ అనుకుందామంటే ఆ గది కిటికీ మూసి ఉంది, తలుపులో హజరాబీ ఉంది. ఇన్‌ఫ్రారెడ్ ఉన్న ఫోన్ అనుకుందామంటే నా ఫోన్‌లో అది లేదు, అత్తది బటన్ల ఫోను, హజరాబీ ఫోను పై ఇంట్లో ఉంది. నా ప్రోగ్రామే పంపిందా అంటే బల్బుకు వైరే లేదు. అన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాను.

మిగిలింది ఒక్కటి. ఇలాంటి బోర్డులను పరీక్షించడానికి మెకానిక్కుల దగ్గర వేరే రిమోట్ ఉంటుంది, దాని చిరునామా కూడా వేరే ఉంటుంది. మామ దగ్గర ఉండేదా అని అత్తను ఫోన్‌లో అడిగాను. షాపు మూసేశాక సామానంతా పత్తికొండలో ఉన్న ఆయన స్నేహితుడు, మెకానిక్ ఓబులేసుకు ఇచ్చేశామన్నది. తర్వాతి సెలవు రోజున పత్తికొండ వెళ్ళాను. టమోటా మార్కెట్ దాటాక ఉంది ఆయన షాపు.

"రత్నమన్న పెట్టె తెచ్చిన కాన్నుంచి ఇప్పలేదప్పా. ఆయన మాదిరి పని నాకు యాడొస్తాది?" అంటూ అటక మీద నుంచి ఒక రేకుపెట్టె దించాడు. తాళ్ళు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

అడుగున ఒక నల్ల రిమోట్ ఉంది. లోపల పాత సెల్లులు కారి, స్ప్రింగులు పచ్చగా తుప్పు పట్టి విరిగిపోయాయి. దానితో ఏ టీవీనీ ఆపలేం. నేను తుప్పు గీకి, బయటినుంచి వైర్లతో కరెంటు ఇచ్చి, ఒక్కో బటనూ నొక్కి ఇంకో రిసీవర్‌తో చదివాను. ఆఫ్ అని రాసి ఉన్న బటన్ దగ్గర వచ్చింది: చిరునామా 64, ఆజ్ఞ 29.

కాబట్టి ఆ కోడ్ ఎవరిదో తెలిసింది. కడపకు దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, తాళ్ళు కట్టిన పెట్టెలో, కరెంటు అందని రిమోట్‌లో ఉన్న కోడ్ ఆ రోజు ఒంటి గంట ఏడు నిమిషాలకు ఆ గదిలోకి ఎలా వచ్చిందో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

రిసీవర్‌ను ఒక చిన్న బోర్డుకు కలిపి, పోయిన నెల దాకా అత్త ఇంట్లోనే ఉంచాను. ఫైల్‌లో కొత్త రిమోట్ నొక్కిన వరుసలు తప్ప ఇంకేమీ లేవు. టీవీ దానంతట అది ఆగడం ఆ రోజుతో పోయింది. అత్త ఆపడం మర్చిపోయిన రోజు సీరియల్ గోలలోనే ప్రార్థన అయిపోతోంది.

"ఎందుకు ఆగడం లేదంటావు అత్తా?" అని అడిగాను.

"బటన్ నా చేతికిచ్చినాక ఇంక ఆయనకేం పని?" అన్నది, పిండి పిసుకుతూనే.

ఆ మాట నేను ఒప్పుకోను. దాని బదులు పెట్టడానికి నా దగ్గర మరో మాట కూడా లేదు. అత్త అదే ఇంట్లో ఉంది. అదే పొయ్యి, గడపకు అవే అడుగులు. పోయిన నెల వెళ్ళినప్పుడు పళ్ళెం ముందు కూర్చుని ఆమె పెద్ద బటన్ నొక్కింది. అనుమానం తీరక ఇంకోసారి నొక్కింది. నేను రిసీవర్ విప్పి సంచిలో వేసుకుని, కళ్ళు మూసుకున్నాను.