ముందే నొక్కి ఉన్న బటన్

పోయిన ఎండాకాలం ఒక బడి అడ్మిషన్ ఫారంను ఆన్‌లైన్‌ల పెట్టే పని నాకు దొరికింది. నస్పూర్‌ల మేముండే క్వార్టర్ల పిల్లలు చాలామంది ఆ బడికే పోతరు. మా పాపను గూడ అక్కడనే నర్సరీల వెయ్యాలని అప్పటికే అనుకున్నం.

ఆ ఫారంల ఒక ప్రశ్న నేనే అడిగి పెట్టించిన. పిల్లకు పాణం బాగలేకపోతే ముందుగాల ఎవరికి ఫోన్ చెయ్యాలె? కింద రెండు రేడియో బటన్లు: తండ్రి, తల్లి. ఒకటి నొక్కితే ఇంకోటి ఆరిపోతది. మా పాపకు జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తయి. ఒళ్లు కాలుడు మొదలైతే వెంటనే మందు పోసి తడిబట్టతోని తుడవాలని డాక్టర్ చెప్పిండు. అందుకే ఆ ఒక్క ప్రశ్న మీద నాకంత పట్టింపు.

మొదట రెండు బటన్లూ ఖాళీగ ఉంచిన. ఏదో ఒకటి నొక్కితేనే ఫారం పోతది. నొక్కుడు మరిచిపోయినోళ్లంత ఫారం పోతలేదని ఆఫీసుకు వచ్చుడు మొదలుపెట్టిండ్రు. బడి మేనేజర్ ఫోన్ చేసి, ఏదో ఒకటి ముందే నొక్కి పెట్టమన్నడు. తల్లి అని పెడత సార్ అన్న. ఆయన నవ్విండు.

"తండ్రి ఉండంగ తల్లిని ముందు పెడతరా అమ్మా ఎక్కడన్న?"

ఇక్కడి తండ్రులు బొగ్గుబాయిల దిగుతరని, సెల్లు పైననే పెట్టి పోవాలని, షిఫ్టు అయిందాక ఎవరు చేసినా ఎత్తేటోళ్లుండరని చెప్పిన. కావాల్సినోళ్లు మార్చుకుంటరు తియ్యి అన్నడు.

చెయ్యాల్సిన పని చానా చిన్నది. ఇసొంటి ఫారంలల్ల బటన్‌ను ముట్టుకునేదే ఉండది. ఫారం తయారయ్యే కాడ ఆ ప్రశ్నకు తొలి విలువ ఇస్తే, ఆ పేరున్న బటన్ దానంతట అదే నిండుతది. ఖాళీ ఉన్నకాడ తండ్రి అని రాసిన. తెర మీద పై బటన్ నిండింది. బడోళ్లకు పని అప్పజెప్పిన. పాస్‌వర్డ్ గూడ వాళ్లే మార్చుకున్నరు.

పాప ఫారం నేను నింపుదామనుకునే లోపట మా ఆయన తన సెల్లుల నింపి పంపిండు. నాకు పని తగ్గించిన అన్న సంబురం ఆయనది.

"నువ్వు చేసిన ఫారమే గద. అదే నొక్కి ఉంది, నేనెందుకు కదిలిస్త?"

పంపినంక మార్చే వీలు లేదు. బడికి పోయి క్లర్కుకు నా నంబర్ ఇచ్చిన. యాదికుంటది మేడం, ఫికర్ చెయ్యకుండ్రి అన్నడు.

వానలు మొదలైనంక ఒకనాడు బడిలనే పాపకు జ్వరం వచ్చింది. టీచర్ తెర మీద ఉన్న ఒక్క నంబర్ చూసి తండ్రికి చేసింది, మళ్ల మళ్ల చేసింది. ఆయన మొదటి షిఫ్టుల బాయి కింద ఉన్నడు. నేను నడిచిపోయేంత దూరంల బట్టలు ఆరేస్తున్న. పాపకు ఫిట్స్ వచ్చినయి. పిల్లలను చూసుకునే ఆయమ్మ ఒళ్లె పెట్టుకొని తడి చున్నీతోని తుడిచిందట. బడి బస్సుల ఇంటికి తెచ్చిందాక నాకేం తెల్వది.

తెల్లారి మేనేజర్ మారుస్తం అన్నడు. బడి మెసేజ్‌లు ఇంక గూడ మా ఆయన సెల్లుకే వస్తున్నయి. అంటే మారలే. ఆయన నన్నే ఊకుంచుతడు: "ఇగ గిట్ల పరేషాన్ అయితే నీకే జ్వరమొస్తది."

ఇంటి పక్క అక్కకు చెప్పి చూసిన. వాళ్ల పిలగానిదీ తండ్రి అనే ఉంది. బడోళ్లు పెట్టింది మనమెందుకు తీసుడు, ఉండనియ్యి చెల్లె అన్నది.

బడికి నేనే ఫోన్ చేసి పాప ఎట్లుందని అడుగుతుంటి. కొన్నాళ్లు చెప్పిండ్రు. ఇప్పుడు నా నంబర్ చూస్తే ఎత్తుతలేరు. ఇయ్యాల వంట సగంల బంజేసి పోయి గేటు కాడ నిలబడ్డ. వాచ్‌మన్ పెద్దాయన కుర్చీ జరిపిండు.

"ఏం బిడ్డా, నువ్వు గూడ నర్సరీల చేరినవా?"

గంట కొట్టిండ్రు. పాప రాంగనే నుదురు మీద చెయ్యి పెట్టి చూసిన. సల్లగనే ఉంది. రేపు గూడ ఆయనది మొదటి షిఫ్టే.