కృపారాణి పరిచిన బండలు

కృపారాణి వాళ్ల నాయిన మొగులప్ప ఇరవై ఆరేళ్లు తాండూరులో బండల పాలిష్ మిషన్ మీద పని చేశాడు. ఆ మోతకు చెవులు మందగించాక పని మానేసి, వికారాబాద్‌లో బిడ్డ దగ్గరికొచ్చాడు. ఆమె రోజూ రైల్లో హైదరాబాద్ పోయి, కంప్యూటర్ గేములకు గోడలూ నేలలూ తయారుచేసే కంపెనీలో పని చేసేది. గదేం కొలువో మొగులప్పకు ఎన్నడూ అంతుబట్టలేదు.

ఒకసారి ఓ విదేశీ గేములోని పాత కోట నేల ఆమె వంతుకొచ్చింది. నాయినను వెంటబెట్టుకుని తాండూరు గనుల్లోకి పోయి ఎనిమిది వందల ఫొటోలు తీసింది. మొగులప్ప ఒక్కో బండ మీద చెంబుతో నీళ్లు చల్లాడు.

"తడిస్తెనే అసలు రంగు కనవడ్తది బిడ్డా. గిప్పుడు తియ్యి."

ఐదు నెలలు ఆ నేల మీదే గడిపింది. ఉలి దెబ్బలు, పసుపు చారలు, అంచుల్లో పెచ్చులు, ఏ రెండు బండలూ ఒక్క తీరుగా ఉండవు. వాన పడ్డాక ఆ తడిలో దివిటీ వెలుగు ఊగాలి. ఆ వెలుగు ఏ బండకు తగిలి ఎటు మళ్లుతుందో కంప్యూటర్లో బొమ్మను గీసే గ్రాఫిక్స్ కార్డు క్షణక్షణం లెక్క కట్టాలి. అంత బరువు ఖరీదైన కార్డులే మోస్తాయి. ఆఫీసులో పెద్ద కంప్యూటర్ మీద చూసి టీం లీడర్ మల్లికార్జున్, "కాలు పెడితే జారేట్టుంది కృపా!" అన్నాడు.

గేము విడుదలైంది. చివర్లో వచ్చే, గేముకు పనిచేసినవాళ్ల పేర్లను ఆమె రెండుసార్లు వెతికింది. కంపెనీ పేరుంది, తన పేరు లేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఆ గేము తెరుచుకోనే తెరుచుకోదు. అందుకని ఆదివారం ప్రార్థన అయ్యాక నాయినను స్టేషన్ దగ్గర రాజేందర్ నడిపే గేమింగ్ సెంటర్‌కు తీసుకుపోయింది. మంచి కార్డున్న కంప్యూటర్ అక్కడ ఒక్కటే. దాని మీద ఎవరో ఆ గేమే ఆడుతున్నారు.

మొగులప్ప తెర మీదికి వంగి చూశాడు. "గిది బండ గాదు. సిమెంట్ పూత."

నిజమే. గేము ఆగకుండా నడవాలని రాజేందర్ బొమ్మ నాణ్యతను బాగా తగ్గించి పెట్టాడు. నేలంతా బూడిదరంగు మరక. కృపారాణి బతిమాలితే, ఆడే అతన్ని ఒప్పించి పూర్తిగా పెంచాడు. డబ్బాలో ఫ్యాన్లు గుర్రుమన్నాయి. బండలు ఒక్కొక్కటే తేలాయి, తడిగా, పసుపు చారలతో.

"అరె! గిది నర్సప్ప గనిల బండ!" మొగులప్ప తెర మీద వేలు పెట్టాడు. "గీ చార గాడనే ఉంటది!"

అంతలో బొమ్మ ఆగి ఆగి కదిలింది. ఆడే అతను ఆటలో చచ్చిపోయాడు. "ఏందన్నా గిది!" అని ఎగిరాడు. రాజేందర్ గబగబా మళ్లీ తగ్గించేశాడు.

"ఏమనుకోకక్కా. బండలు సూడనీకి ఎవరొస్తరు? తుపాకులు కాల్చనీకొస్తరు."

లోకమంతా అదే ఫిర్యాదు చేసింది, గేము బరువైందని. పది రోజులకు మల్లికార్జున్ ఆమెను పిలిచాడు.

"ఆ నేల మరీ బరువట. ఒకటే బండ చేసి అంతటా పరిచెయ్. నువ్వైతే తొందరగా అవుతుంది."

ఆమె తన సీటుకు పోయి కూర్చుంది. ఉలి దెబ్బలు చెరిపింది, పెచ్చులు పూడ్చింది. నర్సప్ప గని చారను అన్నిటికన్నా చివర తీసింది. రెండు రోజుల్లో ముగించింది. మల్లికార్జున్ చూసి, "సూపర్. తేడా ఎవ్వరికీ తెలవదు" అని మెచ్చుకున్నాడు. వారంలోపే ఆ కొత్త నేల రాజేందర్ సెంటర్‌తో సహా ఆడేవాళ్లందరి కంప్యూటర్లలోకీ చేరిపోయింది. ఆనాటి నుంచి ఎవరి పని బరువైనా తగ్గించడానికి ఆమె దగ్గరికే పంపుతున్నారు.

ఇదేమీ తెలియని మొగులప్ప మాత్రం బిడ్డ పరిచిన బండల గురించి కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఒకనాడు, "జంగప్ప గూడ సూస్తనంటుండు బిడ్డా. నాతోటి మిషన్ మీద చేసినోడు. తోల్కపోదమా?" అని అడిగాడు.

కృపారాణి చెప్పుల బెల్టు పెట్టుకుంటూ తలెత్తలేదు.

"గా సెంటర్ బంద్ వెట్టిన్రు నాయినా" అంది.