ఒకటో ర్యాంకు ఓడిపోయే వీధి

వేంపల్లె బజారు వీధి పాత కార్డు ఆటగాళ్లందరికీ తెలియజేయడమేమనగా, మన ఆట ఇంకా చావలేదు. నిన్న మా అబ్బాయి ఫోన్లో ఆడుతున్నాడు. ఎదురుగా మనిషే లేడు, తిట్టుకోవడానికి ఎవరూ లేరు.

మన కుస్తీవీరుల కార్డులు గుర్తున్నాయా? రమణవాళ్ల అంగట్లో కొని, అక్కడే చింతపండు బస్తాల మీద కూర్చుని ఆడేవాళ్లం. అట్టలకు కూడా ఆ పులుపు వాసనే. కార్డు మీద రాసిన బరువైనా ర్యాంకైనా పెద్ద అంకెదే గెలుపు. ఒకటో ర్యాంకు వచ్చినవాడికి ఏడుపే.

ఒక ఎండాకాలం కడప నుంచి రమణ మేనత్త కొడుకు వచ్చి పగలబడి నవ్వాడు.

"ఏమప్పా, యాడన్నా ఒకటో ర్యాంకోడు ఓడిపోతాడా?"

"కడపలో ఇట్లే ఆడతారంట. వీళ్ల మామ చెప్పినాడు" అని రమణ నన్ను చూపించాడు.

"నేనుండేది కడపలోనే కదప్పా!"

"అయితే ఆడికే పో. మావాడు అబద్ధం చెప్పడు."

వీధి రెండు జట్లయింది. బడి తెరిచేసరికి బస్తాల మీద ఎవరూ లేరు.

రమణా, నా కోసం నువ్వు అంతమందితో మాటలు మానేశావు. పెద్ద అంకెదే గెలుపని నేను చెప్పిన రోజు నా చేతిలో ఉన్నది ముప్పయ్యో ర్యాంకురా. నాకు కడపలో మామే లేడు.